దొరకని విడిభాగం: బాధ్యత ఎవరిది?

(రైల్వే, తపాలా శాఖల సాంకేతిక సిబ్బంది ప్రతినిధుల సమావేశంలో మా సాంకేతిక ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, కరువు భత్యం, పెన్షను, ఖాళీ పోస్టుల భర్తీ వంటి సమస్యలపై మనం తరచు సమావేశమవుతూనే ఉన్నాము. వాటితో పోల్చితే నేడు మేము మీ ముందు ఉంచబోయే విషయం చాలా చిన్నదిగా కనిపించవచ్చు. అది ఇటుకంత పరిమాణం గల ఒక పెట్టెకు సంబంధించినది. మెయిన్స్ నుండి గాని, బ్యాటరీ నుండి గాని వచ్చే విద్యుత్తును యంత్రానికి కావలసిన 5 వోల్టులుగా, 12 వోల్టులుగా, 24 వోల్టులుగా మార్చి ఇవ్వడమే దాని పని. దానిని పవర్ సప్లై యూనిట్ అంటున్నాము. అది పని చేసినంత కాలం దాని ఉనికి ఎవరికీ గుర్తుండదు. అది ఆగిన రాత్రి మాత్రం సిగ్నల్ ఎర్రగా నిలిచిపోతుంది, సార్టింగు యంత్రం మూగబోతుంది. తెల్లవారేసరికి సంజాయిషీ కోరే కాగితం మన సహోద్యోగి చేతికి వస్తుంది.

సకాలంలో బాగు చేయలేదని ఆ కాగితంలో ఉంటుంది. ఆ యూనిట్ తయారీ ఏనాడో ఆగిపోయిందన్న సంగతి గాని, దాని కోసం పెట్టిన ఇండెంటు నెలల తరబడి బల్లల మీద తిరుగుతున్నదన్న సంగతి గాని అందులో ఉండవు. అందువల్లనే ఇది ఇంజనీర్లు మాత్రమే తేల్చుకోవలసిన ప్రశ్న కాదనీ, యూనియన్ చేపట్టవలసిన ప్రశ్న అనీ మేము భావిస్తున్నాము. విడిభాగం దొరకకుండా పోవడం దైవఘటన కాదు. అది ముందుగా లెక్క కట్టదగిన విషయం. దానిని ఎదుర్కొనే మార్గాలు చాలావరకు మన వర్క్‌షాపులలో, మన చేతులలోనే ఉన్నాయి. ఈ రెండు మాటలను రుజువు చేయడమే ఈ ప్రసంగ లక్ష్యము.

రెండు ఆయుర్దాయాల మధ్య అగాధం

రైల్వేలో ఒక రిలే దశాబ్దాల పాటు పని చేస్తుంది. అది చెడిపోతే బాగు చేయగల చేతులు మనకు ఉన్నాయి. కొత్తది కావాలంటే సికింద్రాబాదు మెట్టుగూడలోని సిగ్నల్, టెలికాం వర్క్‌షాపు వంటి చోట్ల మన కార్మికులే తయారు చేస్తున్నారు. ఎలక్ట్రానిక్ నియంత్రణ రంగంలోకి వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారింది. బ్రిటన్‌లో సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగు 1985లో లెమింగ్టన్ స్పా స్టేషనులో మొదలయింది. మన దేశంలో 1987లో శ్రీరంగం స్టేషనుకు వచ్చింది. బ్రిటన్ వ్యవస్థలోని మైక్రోప్రాసెసరు 1974లో వెలువడిన మోటొరోలా 6800 కుటుంబానికి చెందినది. తపాలా శాఖలో, పిన్‌కోడ్ ఆధారంగా ఉత్తరాలను వేరు చేసే ఆటోమేటిక్ కేంద్రాలు ముంబయిలో 1993లో, చెన్నైలో 1996లో వచ్చాయి. 1995లో దిగుమతి అయిన డబ్ల్యు.ఎ.పి.-5 ఇంజన్లతో త్రీఫేజ్ ట్రాక్షన్ వచ్చింది. వాటిలోని జి.టి.ఓ. థైరిస్టర్లకు కాలం చెల్లడంతో ఆ తరహా ఇంజన్ల నిర్మాణం తదుపరి ఐ.జి.బి.టి. పద్ధతికి మారింది.

పెట్టుబడి పెట్టేటప్పుడు ప్రభుత్వం ఇటువంటి యంత్రానికి ఇరవై, ముప్పది ఏండ్ల ఆయుర్దాయం ఊహిస్తుంది. ఎలక్ట్రానిక్ భాగాలను తయారు చేసే కంపెనీ తన మార్కెట్టును మాత్రమే చూచుకుంటుంది. కర్మాగారాలలో విస్తారంగా వాడిన అలెన్-బ్రాడ్లీ పి.ఎల్.సి.-5 నియంత్రణ వ్యవస్థ 1980 దశకం మధ్యలో వచ్చి, 2017లో తయారీ నుండి తప్పుకుంది. సీమెన్స్ వారి ఎస్7-300 వ్యవస్థ 1990 దశకం మధ్యలో వచ్చింది. 2023 అక్టోబరు 1 నుండి దాని విరమణ మొదలయింది. ఆపై 10 సంవత్సరాల పాటు విడిభాగాలు మాత్రం ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. దీనికి తోడు, సీసం వంటి హానికర పదార్థాలపై ఐరోపా విధించిన నిబంధన 2006 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. అప్పుడు ఎన్నో పాత యూనిట్లను తిరిగి రూపొందించడం దండుగని తలచి కంపెనీలు వాటికి స్వస్తి చెప్పాయి.

ఇందులో ఏదీ రహస్యంగా జరగలేదు. తేదీలన్నీ ముందుగా ప్రకటించినవే. వస్తువులకు కాలం చెల్లడాన్ని ఎట్లా ఎదుర్కోవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 62402 కూడా 2007లోనే వెలువడింది. 2019లో దానిని సవరించారు. కొనుగోలు నాడే ముగింపు గురించి ఆలోచించాలన్నది దాని సారాంశము.

పెట్టెలో మొదట చచ్చేది ఏది?

యంత్రం మొత్తంలో పవర్ సప్లై యే ముందుగా ఎందుకు పోతుందో మన సభ్యులందరూ తెలుసుకోవలసి ఉన్నది. అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపల ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం క్రమంగా ఎండిపోతుంది. ఎండిన కొలదీ కెపాసిటరు బలహీనపడి, స్థిరంగా ఉండవలసిన వోల్టేజి మీద అలలు లేస్తాయి. పాత లాజిక్ సర్క్యూట్లు 4.75 నుండి 5.25 వోల్టుల మధ్య మాత్రమే నమ్మకంగా పని చేస్తాయి. ఆ హద్దు దాటినప్పుడు యంత్రం పూర్తిగా ఆగిపోదు, పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. అప్పుడు లోపం ప్రాసెసరు కార్డులో ఉన్నదనుకొని ఖరీదైన కార్డులను మార్చుతారు. జబ్బు ఒకటి, మందు మరొకటి!

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పవలసి ఉన్నది. సాధారణ కెపాసిటరు ఒకటి 105 డిగ్రీల వేడిలో 2,000 గంటలు పని చేస్తుందని తయారీదారు చెబుతాడు. ప్రతి 10 డిగ్రీల వేడి తగ్గితే ఆయుర్దాయం సుమారు రెండింతలవుతుందన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సూత్రము. రెంటచింతల, రామగుండం ఎండలలో ఎయిర్ కండిషనర్ లేని గదిలో 45 డిగ్రీలు ఉన్నాయనుకుందాము. పెట్టె లోపల మరొక 20 డిగ్రీలు పెరిగి 65 అవుతుంది. అప్పుడు ఆ కెపాసిటరు ఆయువు 32,000 గంటలు. రాత్రింబవళ్లు నడిచే యంత్రానికి ఇది సుమారు 3 సంవత్సరాల 8 నెలలు. అదే గదిని 25 డిగ్రీల వద్ద ఉంచితే లోపల 45 డిగ్రీలే ఉంటుంది. ఆయువు 1,28,000 గంటలకు, అనగా సుమారు పదునాలుగున్నర సంవత్సరాలకు పెరుగుతుంది. పరికరాల గదికి ఎయిర్ కండిషనర్ కావాలని మనం కోరినప్పుడు సిబ్బంది సుఖం కోసం అడుగుతున్నారని పరిహసించే అధికారులకు ఈ లెక్క చూపించండి.

మరొక సంగతి. ఏండ్ల తరబడి నిరంతరం నడిచిన యూనిట్‌ను శుభ్రత కోసం ఒక్క గంట ఆపితే అది తిరిగి లేవకపోవచ్చు. మొదలు పెట్టడానికి కావలసిన చిన్న కెపాసిటరు అప్పటికే ఎండి ఉంటుంది. ఆపిన ఉద్యోగి వల్లనే చెడిపోయిందన్న నింద వెంటనే వస్తుంది. ఆ యూనిట్ అప్పటికే చచ్చి ఉన్నదన్నదే సాంకేతిక సత్యము.

సిగ్నలింగులో వాడే ఐ.పి.ఎస్. వంటి నేటి ఏర్పాటులలో మాడ్యూళ్లను అవసరానికి మించి ఒకటి అదనంగా ఉంచుతారు. ఇది మంచిదే. ఒకటి పోయినా పని ఆగదు. పని ఆగదు గనుకనే పోయినదానిని తెప్పించే తొందర ఎవరికీ ఉండదు. రెండవది పోయిన నాడు తొందర పుట్టుకొస్తుంది, సరుకు మాత్రం పుట్టదు.

వెదకవలసిన క్రమము

ఇక విడిభాగం కోసం ఎక్కడ, ఏ వరుసలో వెదకాలి అన్నది చూద్దాము.

మొదటిది, వస్తువును సరిగా గుర్తించడం. పేరు పలక మీది మోడల్ నెంబరు చాలదు. దాని చివరి సవరణ అక్షరం కూడా కావాలి. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్నదానితో పాటు, కరెంటు పోబోతున్నదని ప్రాసెసరుకు ముందుగా తెలిపే హెచ్చరిక తీగ ఉన్నదా అని చూడాలి. వోల్టేజి సరిపోయి ఆ తీగ లేని యూనిట్ పెడితే, కరెంటు పోయినప్పుడు లెక్కలు భద్రపరుచుకునే వ్యవధి యంత్రానికి ఉండదు. బ్యాటరీ మీద జ్ఞాపకం నిలుపుకునే పాత కంట్రోలర్లలో, ప్రోగ్రాము నకలు తీయనిదే యూనిట్‌ను కదల్చరాదు. బ్యాటరీ అయిపోయి ఉంటే యూనిట్‌తో పాటు ప్రోగ్రాము కూడా పోతుంది.

రెండవది, సొంత ఇంటిలో వెదకడం. ఒక డివిజనులో తుక్కు కింద వేలానికి పోతున్న పానెల్‌లో మరొక డివిజనుకు ప్రాణాధారమైన యూనిట్ ఉండవచ్చు. ఒక సర్కిల్‌లో మూలపడిన యంత్రం మరొక సర్కిల్‌లోని యంత్రాన్ని ఐదేండ్లు నడిపించవచ్చు. తూకానికి అమ్మేముందు పనికివచ్చే యూనిట్లను విప్పి, పరీక్షించి, చీటీ కట్టి దాచితే ఖర్చు స్వల్పం, లాభం అపారం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం మిగిలిన భాగాన్ని అర్హత గల సంస్థలకే అప్పగించాలి.

మూడవది, తయారీదారు. తయారీ ఆపేముందు చివరి ఆర్డరుకు అవకాశం ఇవ్వడం ఈ పరిశ్రమలో ఆనవాయితీ. ఆ నోటీసు ప్రధాన కార్యాలయానికి వచ్చి ఫైలులో నిద్రపోతే, యంత్రం నడిపేవారికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

నాలుగవది, బజారులో మిగిలిన పాత సరుకు. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. విప్పని డబ్బాలో ఉన్నంత మాత్రాన అది కొత్తది కాదు. భాగాల మీది నాలుగంకెల తేదీ గుర్తును చదవండి. 9412 అని ఉంటే సాధారణంగా అది 1994వ సంవత్సరం 12వ వారంలో తయారయిందని అర్థము. ఏండ్లు కదలక ఉన్న కెపాసిటరు లోపలి పొర పలుచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పేలవచ్చు. మెల్లమెల్లగా వోల్టేజి పెంచి దానిని తిరిగి సిద్ధం చేయాలి. నకిలీ సరుకు మరొక బెడద. పైపేరు గీకివేసి వేరే పేరు ముద్రించిన భాగాలు లోకమంతటా తిరుగుతున్నాయి. అమెరికా సెనేట్ సైనిక వ్యవహారాల సంఘం 2012లో ఇచ్చిన నివేదికలో, ఆ దేశ రక్షణ సరఫరాలలోనే సుమారు 1,800 అనుమానాస్పద నకిలీ ఉదంతాలు, వాటిలో పది లక్షలకు మించిన భాగాలు బయటపడ్డాయి. అంతటి కట్టుదిట్టాలు గల చోటనే ఇట్లా జరిగితే, అతి తక్కువ ధర వాడికే టెండరు ఇవ్వాలన్న సూత్రాన్ని పాత సరుకుకు కూడా గుడ్డిగా వర్తింపజేసే చోట ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. కొన్న ప్రతి యూనిట్‌నూ పూర్తి భారంతో కనీసం ఒకటి రెండు రోజులు నడిపి, ఆసిలోస్కోపుతో అలలను కొలిచిన తరువాతనే స్టోర్సులోకి తీసుకోవాలి.

ఐదవది, నేటి కొత్త యూనిట్‌ను పాతదాని స్థానంలో అమర్చడం. ఇది సాధ్యమే. కాని ఇది టెక్నీషియన్ తన ఇష్టానుసారం చేయదగిన పని కాదు. సిగ్నలింగు వంటి ప్రాణరక్షణ వ్యవస్థలలో ఆర్.డి.ఎస్.ఓ. ఆమోదం, అధీకృత డ్రాయింగు లేనిదే ఒక్క తీగ కూడా మార్చరాదు. టి/351 నోటీసు లేనిదే గేరును విడదీయరాదు. బండి ఆగిపోయిందని ఫోనులో ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా, నోటిమాట మీద తాత్కాలిక అతుకులు వేయవద్దని మేము ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాము. సప్లై పోతే సిగ్నల్ ఎర్రబడి నిలవడం వ్యవస్థ తనను తాను కాపాడుకోవడమే. ఆ తరువాత కాగితపు అధికారాలతో బండ్లు నడిపే వేళ స్టేషన్ మాస్టరు, డ్రైవరు, పాయింట్స్‌మన్ మోసే భారమే అసలు ప్రమాదస్థానము. విడిభాగం ఆలస్యమయిన ప్రతి గంటా ఆ భారం సాగుతూనే ఉంటుంది.

పెట్టె పోయింది గాని పదార్థం పోలేదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. యూనిట్ తయారీ ఆగిపోయిందన్న మాట నిజమే కావచ్చు. కాని దానిని విప్పి చూస్తే కనిపించేది ఏమిటి? కెపాసిటర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, వీటన్నింటినీ అదుపులో ఉంచే ఒకటి రెండు చిప్పులు. ఆ కాలపు యూనిట్లలో విరివిగా వాడిన టి.ఎల్.494, యు.సి.3842 వంటి చిప్పులు నేటికీ తయారవుతున్నాయి. కెపాసిటర్లు నాటికంటే మెరుగైనవి దొరుకుతున్నాయి. అనగా పెట్టెకు కాలం చెల్లింది గాని, అందులోని చాలా భాగాలకు చెల్లలేదు. కొన్నింటికి ఈ మార్గం లేదు: జిగురు పోసి మూసివేసిన మాడ్యూళ్లు, ఆ కంపెనీ కోసమే ప్రత్యేకంగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు వగైరా. తక్కినవాటికి ఉన్నది.

ఆ మార్గానికి కావలసినవి మూడు: సర్క్యూటు డ్రాయింగు, మరమ్మతు బల్ల, తర్ఫీదు పొందిన మనిషి. చెడిన పెట్టెను పంపి మరొక పెట్టె తెచ్చుకునే వార్షిక కాంట్రాక్టు పద్ధతి వచ్చిన చోట ఈ మూడూ క్రమంగా అంతరిస్తాయి. కంపెనీ ఆ పెట్టెను మానుకున్న నాడు కాంట్రాక్టూ ఉండదు, బాగు చేయడం తెలిసిన మనిషీ ఉండడు. మన దేశానికి ఇది కొత్త పాఠం కాదు. మొహాలీలో 1984లో ఉత్పత్తి ప్రారంభించిన ప్రభుత్వ రంగ సెమికండక్టర్ కర్మాగారం 1989 ఫిబ్రవరి 7న అగ్నికి ఆహుతి అయింది. చిప్పు తయారీకి పరాయివారి మీద ఆధారపడక తప్పనప్పుడు, మరమ్మతు జ్ఞానాన్నయినా మన వద్ద నిలుపుకోవాలి గదా!

మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక సంఘాన్ని నియమించి, అదే సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోనులు తదితర ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు అందులో చేరాయి. సెల్‌ఫోను కొన్న మనిషికి ఉండవలసిన హక్కు కోట్ల రూపాయల ప్రజాధనంతో ఇంటర్‌లాకింగు కొన్న రైల్వేకు, సార్టింగు యంత్రం కొన్న తపాలా శాఖకు ఎందుకు ఉండరాదని మేము ప్రశ్నిస్తున్నాము.

ఒక్క మాట భద్రత గురించి. మరమ్మతు అంటే సాహసం కాదు. 230 వోల్టుల కరెంటును సరళీకరించిన తరువాత ఈ పెట్టెలలో సుమారు 325 వోల్టుల డి.సి. నిలువ ఉంటుంది. స్విచ్చి తీసిన తరువాత కూడా అది కొంతసేపు పోదు. డిశ్చార్జి చేసి, మీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయరాదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేని బల్ల మీద ఈ పని చేయమని ఆదేశించే అధికారం ఎవరికీ లేదు.

మన కోర్కెలు

పి.ఎన్.ఎం., జె.సి.ఎం. వేదికల మీద మన ప్రతినిధులు ఈ క్రింది కోర్కెలను ఉంచాలని ప్రతిపాదిస్తున్నాము.

1. ప్రతి డివిజనులో, ప్రతి సర్కిల్‌లో పవర్ సప్లై యూనిట్ల రిజిస్టరు ఉండాలి. తయారైన సంవత్సరం, అమర్చిన తేదీ, గది ఉష్ణోగ్రత, తయారీ కొనసాగుతున్నదా లేదా అన్నవి అందులో చేరాలి.

2. ఇకపై కొనే ప్రతి వ్యవస్థకు సర్క్యూటు డ్రాయింగులు, తయారీ ఆపేముందు నోటీసు, నిర్ణీత కాలం విడిభాగాల సరఫరా కొనుగోలు ఒప్పందంలోనే ఉండాలి. చివరి ఆర్డరు నోటీసు అందిన వెంటనే యంత్రం నడిపే యూనిట్లకు తెలియజేయాలి.

3. ఉన్న వర్క్‌షాపులలోనే మరమ్మతు బల్లలను నెలకొల్పాలి. సికింద్రాబాదులో 1957 నుండి ఉన్న సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్ వంటి చోట్ల భాగాల స్థాయి మరమ్మతులో తర్ఫీదు ఇవ్వాలి. అటువంటి తర్ఫీదు తపాలా సాంకేతిక సిబ్బందికి కూడా కావాలి.

4. తుక్కు వేలానికి ముందు పనికివచ్చే యూనిట్లను విప్పి, అఖిల భారత స్థాయిలో ఒక ఉమ్మడి నిలువగా ఉంచాలి.

5. ఇండెంటు పెట్టినట్లు రికార్డు ఉండి, విడిభాగం అందని సందర్భంలో ఆ వైఫల్యానికి ఎస్.ఎఫ్.-11 గాని, రూల్-16 నోటీసు గాని కింది ఉద్యోగికి ఇవ్వరాదు. ఇండెంటు ఏ బల్ల మీద ఎన్ని రోజులు నిలిచిందో ముందుగా విచారించాలి.

చివరి కోర్కె నెరవేరాలంటే మన వైపున కూడా ఒక క్రమశిక్షణ కావాలి. నోటితో అడిగిన విడిభాగానికి సాక్ష్యం లేదు. ప్రతి ఇండెంటు కాగితం మీద ఉండాలి, దాని నకలు మన వద్ద ఉండాలి, ప్రతి జ్ఞాపికకు తేదీ ఉండాలి. అధికారి బదిలీ అయి పోతాడు, ఫైలు గది మారుతుంది. తేదీ వేసిన నకలు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

సోదరులారా, ఒకప్పుడు ఆర్.ఎం.ఎస్. బండిలో రైల్వే ఉద్యోగి, తపాలా ఉద్యోగి ఒకే పట్టాల మీద రాత్రంతా మేలుకొని పని చేశారు. నేడు మన యంత్రాలు వేరైనా, వాటిని బ్రతికించే పెట్టె ఒక్కటే, దానికి పట్టిన జబ్బూ ఒక్కటే. ఒక శాఖలో మూలపడిన యూనిట్, ఒక శాఖలో నేర్చిన మరమ్మతు రెండవ శాఖకు పనికివస్తాయి. కనుక ప్రతి శాఖా కార్యదర్శి తన పరిధిలోని యూనిట్ల జాబితాను, పెండింగులో ఉన్న ఇండెంట్ల నకళ్లను వచ్చే కార్యవర్గ సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాము. ఆ కాగితాలు చేతిలో పట్టుకొనే మనం చర్చలకు కూర్చుందాము.